ఒక వరుస ద్రాక్ష, నలభై ఎనిమిది సీసాలు

సెప్టెంబరు 16

ఈ ఏడు ఒక వరుస నాది. పక్కింటి తాతగారు నిన్న సాయంత్రం గోడ దగ్గర నిలబడి చెప్పారు: కొండ వాలు మీద, దారి పక్కనున్న ముప్ఫై తీగలు ఈసారి ఆయన కోయరట. ఆలస్యంగా కోసి తీపి వైన్ చేసుకో, సెలార్‌లో, అంటే వైన్ దాచే నేలమాళిగలో, ఒక మూల ఇస్తాను అన్నారు. మూడేళ్లుగా ఆయన కోతలకి బకెట్లు మోస్తున్నాను. మూడేళ్లుగా అడుగుతున్నది ఇదే. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మేముండేది జర్మనీలో, మోసెల్ నది ఒడ్డున, బెర్న్‌కాస్టెల్ దగ్గర ఒక పల్లెలో. ఇక్కడ కొండంతా నీలం కలిసిన బూడిద రంగు రాయి. నేను పుట్టింది మార్కాపురంలో. బడిలో మేం అక్షరాలు దిద్దిన పలకలు మా ఊరి రాతివే. మొదటిసారి ఈ తోటలోకి వెళ్లినప్పుడు కాలి కింద గుచ్చుకున్న ముక్క తీసి చూస్తే అదే రాయి, గోటితో గీస్తే పొరలుగా ఊడింది. ఇక్కడ దాని పని వేరు. పగలంతా ఎండని పట్టుకుని రాత్రి తీగలకి వెచ్చదనం ఇస్తుంది. వర్షం పడితే నీళ్లు నిలవనివ్వదు. ఇంత ఉత్తరాన రీస్లింగ్ ద్రాక్ష పండుతోందంటే అందులో ఈ రాతి వాటా చాలా ఉంది.

ఈ డైరీ రెండు పనుల కోసం. ఒకటి, వైన్ చేయడం. రెండు, దాన్ని దేనితో తినాలో తేల్చడం. తీపి వైన్ అనగానే అందరూ భోజనం చివర స్వీట్ పక్కన పెడతారు. అది సరైన చోటేనా అని నాకు మొదటి నుంచీ అనుమానం.

ఈరోజు రసంలో తీపి కొలిచే రెఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేసి చూస్తే 76 డిగ్రీలు. ఇవి ఓక్స్‌లే డిగ్రీలు. లెక్క తేలిక: లీటరు రసం లీటరు నీటికంటే ఎన్ని గ్రాములు ఎక్కువ తూగితే అన్ని డిగ్రీలు.

అక్టోబరు 3

84. ఊళ్లో మామూలు కోత సగం అయిపోయింది. చుట్టూ ఖాళీ తీగలు, మధ్యలో నా వరుస నిండుగా. పిట్టలకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. తాతగారి దగ్గర పాత వల తెచ్చి కప్పాను.

సాయంత్రం వాళ్లింట్లో ఫెడర్‌వైసర్, దానితో ఉల్లిపాయ టార్ట్. ఫెడర్‌వైసర్ అంటే ఇంకా పులుస్తూ ఉన్న రసం, తెల్లగా మబ్బుగా ఉంటుంది, కల్లులాగా చురుక్కుమంటుంది. పక్కన ఉప్పూ కొవ్వూ ఉన్న టార్ట్. తీపి రసం పక్కన ఈ ఊరి వాళ్లు తరతరాలుగా స్వీట్ పెట్టుకోలేదు, ఉల్లిపాయ పెట్టుకున్నారు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

ష్పేట్‌లేజె అన్న పేరు కథ కూడా తాతగారు మళ్లీ చెప్పారు. ఆ మాటకి అర్థమే ఆలస్యపు కోత. 1775లో, రైన్‌గావ్ ప్రాంతంలోని యోహానిస్‌బెర్గ్‌లో కోత మొదలుపెట్టాలంటే ఫుల్డా నుంచి ప్రభువు అనుమతి రావాలి. ఆ కబురు తెచ్చే గుర్రపు రౌతు చాలా ఆలస్యంగా వచ్చాడు. ఈలోపు ద్రాక్షకి బూజు పట్టింది. పారేయలేక పిండారు. వైన్ అద్భుతంగా వచ్చింది. ఆ రౌతు విగ్రహం ఇప్పటికీ అక్కడి ప్రాంగణంలో ఉంది.

అక్టోబరు 14

వచ్చింది!

వారం రోజులుగా పొద్దున్నే నది మీద నుంచి పొగమంచు లేస్తోంది, పదకొండింటికల్లా ఎండ కాసి తీగలు ఆరిపోతున్నాయి. బొట్రైటిస్ అనే బూజుకి కావలసింది సరిగ్గా ఇదే. తడి దాన్ని పుట్టిస్తుంది, ఎండ దాన్ని అదుపులో పెడుతుంది. అది పండిన గింజ తొక్కకి కంటికి కనపడనంత చిన్న తూట్లు పొడుస్తుంది. ఆ తూట్లలోంచి నీరు ఆవిరవుతుంది, తీపీ పులుపూ లోపల చిక్కబడతాయి. ఎండ లేకుండా వానే పడుతూ ఉంటే మాత్రం ఇదే బూజు పంటని కుళ్లబెట్టేస్తుంది.

ఒక గుత్తిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పైన గింజలు ఇంకా పచ్చటి బంగారు రంగులో గట్టిగా ఉన్నాయి. మధ్యలోవి ఊదా గోధుమ రంగులోకి తిరిగాయి, వేలితో నొక్కితే తొక్క జారిపోతుంది. అడుగున నాలుగైదు గింజలు ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి, పైన విభూతి రాసినట్టు సన్నటి పొడి. చూడ్డానికి పారేయాల్సిందే అనిపిస్తుంది. ఒకటి నోట్లో వేసుకున్నాను. తేనె, ఎండిన ఆప్రికాట్, ఆ వెనకే నిమ్మకాయంత పులుపు.

కుళ్లు ఏది, మేలు బూజు ఏది అన్నది చూపుతో తేలదు. ముక్కుతో తేలాలి. తాతగారు ప్రతి గుత్తినీ ముక్కు దగ్గర పెట్టుకోమన్నారు. వెనిగర్ వాసన వస్తే కిందపడేయడమే, ఎంత అందంగా ఉన్నా సరే.

అక్టోబరు 24

కోత. ముందు రోజు సాయంత్రం 97 వచ్చింది, శనివారం వాన అన్నారు. ఇంక ఆగలేదు.

ఇద్దరం, నేనూ మా ఆయనా. వాలు ఎంత నిటారుగా ఉందంటే ఒక కాలు మోకాలి దాకా వంచితేగాని రెండోది నిలవదు. ప్రతి తీగకీ ఒక కర్ర గుంజ, దాన్ని పట్టుకుని పైకి జరగాలి. రెండేసి బకెట్లు: ఒకటి బూజు పట్టినవాటికి, ఒకటి నిండుగా పండినవాటికి. గంటకి మూడు తీగలు. మధ్యాహ్నానికి వేళ్లకి బంక పట్టి కత్తెర తెరుచుకోవడం మానేసింది. నీళ్ల సీసాలో ముంచుకుంటూ కోశాం.

మొత్తం 35 కిలోలు. మామూలు కోతలో ఈ తీగలు దీనికి రెండింతలు ఇచ్చేవి. వాడిపోయిన గింజలోంచి రసం రావడం బంక తీసినట్టే. చేతి ప్రెస్‌లో ఐదు గంటలు కొద్దికొద్దిగా తిప్పాం. తొందరపడి బిగిస్తే లోపలి విత్తనం పగిలి వగరు దిగుతుంది. 21 లీటర్లు దిగింది, పలచటి టీ రంగులో. తేరుకున్నాక కొలిస్తే 98 డిగ్రీలు, అంటే లీటరుకి ఇంచుమించు 225 గ్రాముల చక్కెర. పులుపు లీటరుకి 9 గ్రాములకి కొంచెం తక్కువ.

ఇక్కడి చట్టంలో తీపి మెట్లకి పేర్లున్నాయి: ష్పేట్‌లేజె, దాని పైన ఆవుస్‌లేజె. 110 దాటితే బేరెన్‌ఆవుస్‌లేజె, 150 దాటితే ట్రోకెన్‌బేరెన్‌ఆవుస్‌లేజె. అమ్మేది కాదు కాబట్టి నా సీసా మీద ఏ పేరూ రాయను. అయినా 98 చూసి తాతగారు టోపీ తీశారు.

నవంబరు 9

రసాన్ని ఒక రాత్రి చల్లగా ఉంచి, అడుగున దిగిన మడ్డి వదిలేసి పైది తేర్చి, గాజు కుండలోకి ఈస్ట్‌తో సహా ఎక్కించి రెండు వారాలైంది. సెలార్ 13 డిగ్రీలు. మొదటి మూడు రోజులు ఏమీ కదల్లేదు. అంత చక్కెరలో ఈస్ట్‌కి కూడా ఊపిరాడదు. నాలుగో రోజు తెల్లటి నురగ, మూతలోంచి బుడగలు. చెవి పెట్టి వింటే చినుకుల చప్పుడు.

ఆలస్యపు కోత వైన్‌లో అసలు నిర్ణయం ఒక్కటే: ఎక్కడ ఆపాలి. వదిలేస్తే ఈస్ట్ చక్కెరనంతా తినేసి 13 శాతం ఆల్కహాల్ దాకా వెళ్తుంది. లీటరుకి 17 గ్రాముల చక్కెర పోతే ఒక శాతం ఆల్కహాల్ పుడుతుంది. 8 శాతం దగ్గర ఆపితే 136 గ్రాములు పోయి 89 మిగులుతాయి. సీసాలో దొరికే కోలాలో లీటరుకి 106 ఉంటాయి. కానీ దీన్ని చప్పరిస్తే అంత తీపి అనిపించదు, ఎందుకంటే ఆ తొమ్మిది గ్రాముల పులుపు అడుగు నుంచి లాగి పట్టుకుంటుంది. మోసెల్ రీస్లింగ్ మీద నా ప్రేమంతా ఈ లాగుడు దగ్గరే.

రసం సాంద్రత చూపే హైడ్రోమీటర్ మీద, చక్కెర పోయేకొద్దీ అంకె దిగుతుంది. ఆపడానికి నా గీత 1.035. ఇవాళ 1.052.

నవంబరు 27

తప్పు జరిగింది, పూర్తిగా నా చేతుల్లోనే.

20న 1.035 వచ్చింది. కుండని బయట షెడ్డులో పెట్టాను. రాత్రిళ్లు ఒకటి రెండు డిగ్రీలు ఉంటున్నాయి. ఈస్ట్ అడుగున పడుకుంది, అది మళ్లీ లేవకుండా ఆపే సల్ఫైట్ వేసి పైది తేర్చాను. పని అయిపోయిందనుకుని సెలార్‌లోకి తిరిగి తెచ్చేశాను. నాలుగో రోజు వెళ్లేసరికి మూత ఊడి పక్కన పడి ఉంది, కుండ మెడ చుట్టూ బంక. మళ్లీ పులవడం మొదలైంది.

తాతగారు రుచి చూసి చెప్పారు. బూజు పట్టిన ద్రాక్ష రసం సల్ఫైట్‌ని పట్టి దాచేసుకుంటుంది. మామూలు వైన్‌కి వేసే మోతాదు దీనికి చాలదు. ఇక్కడి నిబంధనల్లో కూడా తీపి మెట్టు పెరిగేకొద్దీ సల్ఫైట్ హద్దు పెంచేది అందుకే. పైగా నేను ఒక్కసారే తేర్చాను, సన్నటి ఈస్ట్ ఇంకా తేలుతూనే ఉంది.

మళ్లీ చలిలోకి. ఈసారి వారం ఉంచి, రెండుసార్లు తేర్చి, సన్నటి ఫిల్టర్‌లోంచి పోసి, సల్ఫైట్ కొలిచి వేయాలి. ఇప్పుడు 1.031. తొమ్మిది గ్రాముల చక్కెర పోయింది, ఆల్కహాల్ అర శాతం పెరిగింది. అంటే 80 గ్రాములు, 8.5 శాతం. పాడవలేదు. నేననుకున్నది మాత్రం కాదు.

డిసెంబరు 18

మా ఆయన పొద్దున్నే కేక పెట్టారు, కుండలో గాజు పెంకులు ఉన్నాయని. అడుగున తళతళలాడుతూ చిన్న చిన్న పలుకులు, కలకండ చూరలాగా. నాలుగు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. మెల్లగా కరిగి పుల్లగా అయింది. అచ్చం చింతపండు.

ఆ రుచి తప్పు కాదు. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. చింతపండులోనూ అదే. నిమ్మకాయది వేరు, గోంగూరది వేరు. చలికి ఈ ఆమ్లం పొటాషియంతో కలిసి గడ్డకట్టి దిగుతుంది. ఇక్కడ దాన్ని వైన్ రాయి అంటారు. అంటే మా అమ్మ చేతి పులిహోర, ఈ కొండ మీది రీస్లింగ్, పులుపు వరకు ఒకే ఇంటివి. మూడేళ్లుగా రెండూ నా నోట్లో ఉన్నాయి, ఈ సంగతి తట్టలేదు.

జనవరి 16

సంక్రాంతి పార్శిల్ వచ్చింది: అరిసెలు, సున్నుండలు, చెక్కలు, జంతికలు. నా వైన్ ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి ఊళ్లో కొన్న ఆవుస్‌లేజెతో మొదటి రుచి పరీక్ష.

అరిసె, వైన్: పనికిరాదు. బెల్లం నాలుక నిండా కూర్చున్నాక వైన్‌లో తీపి మాయమైపోయి ఒట్టి పులుపు మిగిలింది. సున్నుండ ఇంకా అన్యాయం, నెయ్యీ మినపపిండీ నోరంతా పూసేశాయి. తిండిలో తీపి వైన్ తీపిని దాటకూడదు. దాటితే గ్లాసులో మిగిలేది నిమ్మనీళ్లే. మన స్వీట్లన్నీ దాదాపు దాటేవే.

చెక్కలు మాత్రం! ఉప్పు, నూనె, పచ్చిమిర్చి, నానబెట్టిన పెసరపప్పు. ఒక ముక్క కొరికి ఒక గుక్క తాగితే ఆప్రికాట్ వాసన ముక్కుదాకా లేచింది. ఉప్పు చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది. ఫ్రెంచివాళ్లు సోటెర్న్ అనే తీపి వైన్ పక్కన ఉప్పటి రోక్‌ఫోర్ చీజ్ పెట్టేది ఇందుకే. మాకు చెక్కలున్నాయి.

ఫిబ్రవరి 22

సీసాలు నింపాం. 375 మిల్లీలీటర్ల సగం సీసాలు, 48. ఇరవై ఒక్క లీటర్లలో మూడు మడ్డికీ తేర్పులకీ పోయాయి. రంగు లేత గడ్డిపువ్వు. ఇంతకంటే రాయడానికి లేదు, నడుం నొప్పిగా ఉంది.

ఏప్రిల్ 20

మొదటి సీసా తీశాను. ఎనిమిది డిగ్రీల చల్లదనంలో పోశాను. ఇంతకంటే చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది. పీచ్, నిమ్మతొక్క, తడిసిన రాయి, చివర్లో సన్నటి తేనె. నేను చేసింది ఇది. కళ్లు చెమర్చాయి.

ఇదే నెలలో వరసగా చూసినవి:

మిరియాల కోడి వేపుడు చాలా బాగుంది. కారానికి ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ పడదు, మంట రేగుతుంది. ఎనిమిదిన్నర శాతం, పైన తీపి ఉంటే మంట దిగుతుంది. మామిడికాయ పప్పు నేననుకున్నదానికంటే మేలు. గోంగూర పచ్చడి కుదరలేదు, దాని పులుపు ముందు వైన్ చక్కెర నీళ్లయిపోయింది. ఆవకాయ నూనె కూడా అంతే, ఆవఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇక్కడి పుల్లటి ఆపిల్ టార్ట్, చక్కెర తగ్గించి చేస్తే, స్వీట్లలో ఇదొక్కటే నిలిచింది.

పులిహోర ఇంకా చేయలేదు. అమ్మ మే నెలలో వస్తోంది. ఆవిడ చేతిదే కావాలి.

మే 26

అమ్మ వచ్చి పది రోజులైంది. వైన్ విషయం ఫోన్‌లో చెప్పినప్పుడు మాట్లాడలేదు. ఇక్కడికి వచ్చాక తాతగారితో కలిసి వరుస చూసింది, వంగి ఒక రాతి ముక్క తీసి చీర కొంగుకి కట్టుకుంది. అప్పట్నుంచీ అడుగుతోంది, పిందెలు ఎప్పుడు పడతాయి, మందు కొడతారా అని.

నిన్న సాయంత్రం తాతగారు ఒక సీసా తెచ్చారు. 2006 బేరెన్‌ఆవుస్‌లేజె. ఆ ఏడు కోతల ముందు వానలు పడి తోటలనిండా బూజు ఒక్కసారిగా పాకిందట. ఈ వైన్ రంగు చిక్కటి కాషాయం. గ్లాసు బల్ల మీద పెట్టాను. అమ్మ ముట్టదు, నాకు తెలుసు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, బల్ల దగ్గర ఆగింది.

"అమ్మాయ్, పొయ్యి మీద మెంతులేమైనా పెట్టావా?"

పొయ్యి ఆర్పేసే ఉంది. అమ్మ చుట్టూ చూసి, గ్లాసు మీదికి వంగి, రెండోసారి వాసన చూసింది. "ఇదేనే. దోరగా వేగిన మెంతులు. ఇంకో నిమిషం ఉంటే మాడేవి."

నేను తాతగారికి చెప్పేలోపే నా ఒళ్లు గగుర్పొడిచింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. బూజు పట్టిన ద్రాక్ష వైన్లలో, ముఖ్యంగా వయసొచ్చినవాటిలో, సోటోలోన్ అనే పదార్థం ఉంటుంది. మెంతులకి ఆ వాసన ఇచ్చేది అదే. అతి కొద్దిగా ఉంటే కాలిన చక్కెరలా, ఎక్కువైతే మెంతుల్లా ఉంటుంది. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. చదివి కూడా ఏ గ్లాసులోనూ పట్టుకోలేకపోయాను. నలభై ఏళ్లు పోపు వేసిన ముక్కు బల్ల దగ్గరకి రాగానే పట్టేసింది.

అమ్మ పోపుల డబ్బా తెచ్చి నాలుగు మెంతులు తాతగారి అరచేతిలో వేసింది. ఆయన నమిలారు, చేదుకి మొహం ముడిచారు, గ్లాసు ఎత్తి వాసన చూశారు. చాలాసేపు దించలేదు.

జూన్ 2

పులిహోర రోజు. అమ్మ రెండు గిన్నెలు కలిపింది. రెండింట్లోనూ చింతపండు పులుసు, చిన్న బెల్లం ముక్క, పల్లీలు, కరివేపాకు, ఎండుమిర్చి. రెండోదాంట్లో మాత్రం వేయించి దంచిన మెంతి, ఆవపొడి. ఏది ఏదో తాతగారికి చెప్పలేదు.

నా వైన్‌తో: రెండూ బాగున్నాయి. పులుపు పులుపుని కొట్టలేదు, పక్కపక్కన నడిచాయి. పల్లీ నూనెని వైన్ పులుపు కడిగేసింది. మెంతిపొడి ఉన్నదీ లేనిదీ పెద్ద తేడా తెలియలేదు. నా వైన్ వయసెంత, ఏడు నెలలు. దానికింకా ఆ వాసన రాలేదు.

2006తో: మెంతి లేని గిన్నె తిని తాతగారు తల ఊపారు. మెంతి ఉన్నది తిని గుక్క తాగి, చెంచా పక్కన పెట్టేశారు. ఏమీ అనలేదు. గిన్నె తన వైపు జరుపుకున్నారు.

అమ్మ వైన్ ముట్టలేదు. మధ్యమధ్యలో గ్లాసు వాసన చూస్తూ, ఇంకో చిటికెడు మెంతిపొడి పడాలి, ఈ గ్లాసుకైతే ఇంకో చిటికెడు పడాలి అంది. కలిపింది. పడింది.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట: నాసిక్‌లో సులా అనే వైన్ కంపెనీ వాళ్లు షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో లేట్ హార్వెస్ట్, అంటే ఆలస్యపు కోత వైన్, చేస్తారు. దొరికితే గులాబ్‌జామున్ పక్కన పెట్టకండి. బాగా చల్లబరిచి, చెక్కలతోనో పులిహోరతోనో చూడండి.

ఆగస్టు 30

48లో మిగిలినవి 29. పన్నెండు సీసాలకి ఎర్ర దారం కట్టి సెలార్ చివరి గూట్లో పడుకోబెట్టాను. పదేళ్లు వాటిని కదపను. ఆ గూటి ముందు అమ్మ తన చేత్తో దంచిన మెంతిపొడి సీసా ఒకటి పెట్టి వెళ్లింది. పదేళ్లు అది ఉండదు, మళ్లీ దంచుతాను.

తాతగారు ఈసారి దారికి అటుపక్క వరుస కూడా వదులుతానన్నారు. గింజలు ఇంకా గట్టి పచ్చివే. సల్ఫైట్ కొలిచే కిట్ తెప్పించాను, షెడ్డు తలుపు సందులు మూశాను. ఇవాళ రెండు వరసల చివరి గుంజలకీ రిబ్బన్లు కట్టి వచ్చాను.